ముందు మార్ఫిన్, ఆ తర్వాతే మాట

ఎంత బాధలోనైనా అర్థం వెతుక్కోవచ్చని చెప్పేవాళ్లు విక్టర్ ఫ్రాంకల్ పేరెత్తకుండా ఉండరు. ఈ వియన్నా మనోవైద్యుణ్ణి నాజీలు తమ నిర్బంధ క్యాంపులకి తరలించారు: 1942లో టెరేజిన్‌కి, 1944లో ఆష్విట్జ్‌కి, అక్కణ్ణించి డాకౌ కింది చిన్న క్యాంపులకి. తల్లి, తండ్రి, అన్న, భార్య నలుగురూ క్యాంపుల్లోనే పోయారు. టైఫస్ జ్వరంతో పడి ఉన్నప్పుడు, ఆష్విట్జ్‌లో పోయిన తన రాతప్రతిని గుర్తు చేసుకుంటూ చిత్తుకాగితాల మీద షార్ట్‌హ్యాండ్‌లో మళ్లీ రాసుకున్నాడు.

అయితే ఆయన పెట్టిన షరతు ఒకటి మన ఉపన్యాసాల్లో ఎగిరిపోతుంది. తప్పించగలిగిన బాధని ముందు తప్పించాలి. ఇక తప్పనిదన్నప్పుడే దాన్ని ఎలా ఎదుర్కొంటామన్న ప్రశ్న.

క్యాన్సర్ ముదిరిన మనిషి విషయంలో ఆ షరతుకి పేరు మార్ఫిన్, తీవ్రమైన నొప్పిని తగ్గించే మందు. పదికి ఎనిమిది మార్కులు వేసేంత నొప్పితో మెలికలు తిరుగుతున్నవాళ్ల పక్కన కూర్చుని "అంతా కర్మ, ధైర్యంగా ఉండండి" అనడం మన ఓదార్పు కోసమే. మామూలు మార్ఫిన్ మాత్ర నాలుగు గంటలే పనిచేస్తుంది. అందుకే నొప్పి వచ్చేదాకా ఆగకుండా డాక్టర్ రాసిన టైముకి వేయాలి. మలబద్ధకం దాదాపు ఖాయం కాబట్టి విరేచనం మందు కూడా మొదటిరోజు నుంచే ఉండాలి. ఇది వేయక, కడుపు ఉబ్బి, "మార్ఫిన్ పడలేదు" అని మానేసేవాళ్లు ఉంటారు. మొదటి రెండు మూడు రోజుల మత్తు చాలామందికి దానంతటదే తగ్గుతుంది. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆస్పత్రి లాంటి చోట్ల ఇలా నొప్పి తగ్గించడానికి ప్రత్యేక విభాగమే ఉంది.

నొప్పి అదుపులోకి వచ్చాక చేయగలిగిన పని ఒకటుంది. కెనడా మనోవైద్యుడు హార్వే చోచినోవ్ రూపొందించిన పద్ధతి ఇది. మనిషి తన జీవితం గురించి చెబుతుంటే రికార్డు చేసి, రాయించి, ఆయనకే చదివి వినిపించి, కోరినవాళ్లకి ఇవ్వడం. ప్రశ్నలు ముందురోజే ఇవ్వాలి. జీవితంలో ముఖ్యమైన ఘట్టాలేవి, దేనికి గర్వపడతారు, పిల్లలకి ఇంకా చెప్పాల్సినదేమిటి, వాళ్లు ఎలా ఉండాలని కోరిక. మాత్ర వేసిన గంటకి మొదలుపెడితే మంచిది, నొప్పి బాగా తగ్గి ఉండే సమయం అదే. గంట మించొద్దు, ఆయాసం వస్తే ముందే ఆపాలి. రాత పని నాలుగు రోజుల్లో అయిపోవాలి, వాళ్ల దగ్గర వ్యవధి లేదు.

చెడేది సాధారణంగా ఇంట్లోవాళ్ల వల్లే. "ఆయనకి జబ్బు సంగతి తెలీదు, చెప్పకండి" అంటారు. ఆయనకేమో తెలుసు, వీళ్ల కోసం తెలియనట్టు ఉంటాడు. ఆ గోడ ఉన్నంతసేపూ ఆఖరి మాటలు బయటికి రావు. కాబట్టి "జబ్బు గురించి మీకేమని తెలుసు?" అని ముందు ఆయన్నే అడగాలి. ఇక రికార్డు చేస్తుంటే "అది అరవై ఎనిమిదిలో కాదు నాన్నా, డెబ్బైలో" అని మధ్యలో దిద్దే కొడుకు ఒకడుంటాడు. ఆ కొడుకుని టీ తెమ్మని పంపడం మేలు. ఎవరినైనా నొప్పించే మాట దొర్లితే మనమే కొట్టేయకూడదు. చదివి వినిపించేటప్పుడు "ఇది ఉంచమంటారా?" అని అడగాలి, తీసేయమనే హక్కు ఆయనదే.

ఈ రికార్డు పద్ధతిని సర్వరోగ నివారిణిలా అమ్మేవాళ్లని నమ్మొద్దు. 2011లో 326 మంది మీద జరిగిన అధ్యయనంలో మనోవేదన కొలతల్లో చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. తమకి మేలు చేసిందనీ, కుటుంబానికి ఉపయోగపడుతుందనీ చెప్పినవాళ్లు మాత్రం మిగతా పద్ధతులకంటే ఇందులో ఎక్కువ. నాకది చిన్న విషయంగా తోచదు.

ఆఖరి వారందాకా ఆగితే కుదరదు. రాత్రీ పగలూ తేడా తెలియకపోవడం, లేనివాళ్లతో మాట్లాడటం మొదలైతే రికార్డింగ్ ఆపేసి అదేరోజు డాక్టర్‌కి ఫోన్ చేయాలి. ఇన్ఫెక్షనో, ఒంట్లో నీరు తగ్గడమో, రక్తంలో కాల్షియం పెరగడమో కారణమైతే చాలాసార్లు సరిచేయొచ్చు.