నాన్న రెండు పూటల స్నానం

రోజుకి ఎన్నిసార్లు స్నానం చేయాలని ఎవరైనా అడిగితే, ముందు మీదే ఊరు, మీ వయసెంత అని అడుగుతాను.

మా నాన్నది రేపల్లె. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి, రెండు పూటలా ఒళ్లంతా సబ్బు రుద్దుకుని స్నానం చేయడం ఆయనకి చిన్నప్పటి అలవాటు. సముద్రం దగ్గరి ఊరు, ఎప్పుడూ జిడ్డు చెమట. అక్కడ ఆ అలవాటు బాగానే సరిపోయింది. రిటైరయ్యాక హైదరాబాద్‌లో మా ఇంటికి వచ్చారు. ఇక్కడ చలికాలం గాలి పొడి, అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు, పైగా గీజర్ నీళ్లు పొగలు కక్కుతుండాలి ఆయనకి. సంక్రాంతికల్లా మోకాళ్ల కింద చర్మం ఎండిపోయి, గోరు తగిలితే చాలు తెల్లటి గీత పడి పొట్టు రాలేది. రాత్రంతా గోక్కుంటూనే ఉండేవారు. ఒంటికి మురికి పట్టిందేమోనని ఇంకా గట్టిగా సబ్బు రుద్దేవారు. చూడలేకపోయేదాన్ని.

చర్మ డాక్టర్ విషయం విడమరిచి చెప్పారు. మన చర్మం పీహెచ్, అంటే పులుపు-క్షారాల కొలత, సుమారు 5, అంటే కొంచెం పులుపు. మామూలు సబ్బుది 9, 10 దాకా ఉంటుంది, అంటే క్షారం. వయసు మీద పడ్డాక అసలే చర్మంలో నూనె తక్కువ ఊరుతుంది. ఆ కాస్తా వేడి నీళ్లు, సబ్బు కలిసి కడిగేస్తాయి. బోరు నీళ్లలోని లవణాలతో సబ్బు కలిస్తే తెట్టులా తయారై ఒంటికే అంటుకుంటుంది.

పూజ చేసుకునే మనిషిని స్నానం మానమనలేం, మానాల్సిన పనీ లేదు. పొద్దున గోరువెచ్చని నీళ్లు, సబ్బు మాత్రం చంకలకి, గజ్జలకి, పాదాలకే. సాయంత్రం ఉత్త నీళ్లు. తువ్వాలుతో రుద్దకుండా అద్దుకుని, తడి పూర్తిగా ఆరకముందే కొబ్బరినూనె.

"సబ్బు రాయకపోతే అదేం స్నానమే అమ్మాయ్!" అని నాలుగు రోజులు గొణిగారు. శివరాత్రికి కాళ్లు నున్నబడ్డాయి, నిద్ర పట్టింది.

మా అబ్బాయి సంగతి వేరు. ఏప్రిల్ ఎండలో క్రికెట్ ఆడి వచ్చేవాడికి రెండు స్నానాలు కావాల్సిందే. వాడికి నేను పదే పదే చెప్పేది ఒళ్లు ఆరబెట్టుకోమని. గజ్జలు, కాలివేళ్ల సందులు తడిగా ఉండగానే బిగుతు జీన్స్ వేస్తే తామర పట్టుకుంటుంది. అది వస్తే మెడికల్ షాపులో అడిగి ఏదో ట్యూబు తెచ్చుకోవద్దు, దయచేసి. క్లోబెటసాల్ లాంటి స్టెరాయిడ్ కలిసినవి రాస్తే రెండు రోజులు దురద తగ్గినట్టే ఉంటుంది, లోపల తామర పాకుతూనే ఉంటుంది. ట్యూబు మీద ఆ పేరు కనిపిస్తే పక్కన పెట్టి డాక్టర్‌కి చూపించండి.