సర్వేల్లో మా పిల్లలు దుబాసీలుగానే మిగిలిపోవాలా?

సూటిగానే చెప్తాను. మహారాష్ట్రలోని మా సిరొంచ తాలూకాలో బయటి నుంచి ఏ ఆరోగ్య సర్వే టీమ్ వచ్చినా ముందు మా డిగ్రీ పిల్లల్నే వెతుక్కుంటుంది. ఎందుకంటే వీళ్లకి ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతలో హిందీ, కొందరికైతే మాడియా అనే గోండు భాష కూడా వచ్చు. కొన్నాళ్లు ఊరూరా తిప్పుకుని, రోజు కూలి లెక్కన డబ్బులిచ్చి, నింపిన ఫారాలు సర్దుకుని వాళ్లు వెళ్లిపోతారు. ఆ ఫారాల్లోంచి ఏం తేలింది, ఎవరు రాశారు, దాన్ని చూసి మా తాలూకా గురించి ఏం నిర్ణయించారు, ఇవేవీ ఆ పిల్లలకి ఎప్పటికీ తెలియవు. గడప దాకా తీసుకెళ్లినవాళ్లకి లెక్క దగ్గర చోటు లేకపోవడం నాకు ఏ రకంగానూ మింగుడు పడదు.

మాది గడ్చిరోలి జిల్లా దక్షిణపు కొస. ప్రాణహిత దాటితే చెన్నూరు, గోదావరి దాటితే కాళేశ్వరం. మా జిల్లా కేంద్రం మాకు రెండొందల కిలోమీటర్ల పైనే, అందుకే జబ్బు ముదిరితే మంచిర్యాలకో వరంగల్‌కో పరిగెత్తుతాం. 2011 జనాభా లెక్కల్లో జిల్లా మొత్తం 10.7 లక్షల మంది, అందులో దాదాపు 39 శాతం ఆదివాసులు. తెలుగు మాట్లాడే మేము భాష లెక్కన మైనారిటీ. లోపలి ఊళ్ల మాడియా గోండులు మరీ వెనకబడ్డ తెగల జాబితాలో ఉన్నారు. నేను ఇక్కడ డిగ్రీ పిల్లలకి జువాలజీ చెప్తాను, క్లాసులో ఈ రెండు రకాల పిల్లలూ పక్కపక్కనే కూర్చుంటారు.

డిగ్రీ అయ్యాక ఏం చేస్తారంటే పోలీసు భర్తీ, తలాఠీ (ఊరి రెవెన్యూ ఉద్యోగి) పరీక్ష, లేదంటే బీఈడీ అంటారు. ఒకసారి ప్రజారోగ్యం గురించి మాట్లాడుతుంటే అంకీసా అనే ఊరి నుంచి వచ్చే ఒక అమ్మాయి లేచి, "డాక్టర్ కాకుంటె, నర్సు కాకుంటె, దవాఖానల ఇంకేం నౌకరీ ఉంటది మేడం?" అంది. న్యాయమైన ప్రశ్నే. వాళ్లకి కనబడేది డాక్టర్, సిస్టర్, ఆశా తాయి, అంతే. ఏ ఊళ్లో జ్వరాలు ఎందుకు పెరిగాయో కనిపెట్టేవాళ్లుంటారని, దోమల మీదే పనిచేసేవాళ్లుంటారని, జిల్లా లెక్కలన్నీ చూసి మందులు ఎక్కడికి ఎన్ని పోవాలో చెప్పేవాళ్లుంటారని, జనానికి అర్థమయ్యేలా చెప్పడమే ఉద్యోగంగా ఉన్నవాళ్లుంటారని ఎవరూ చెప్పలేదు. ముంబైలో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ ఉంది, హైదరాబాద్‌లో సెంట్రల్ యూనివర్సిటీ ఉంది, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్ (ఐఐపీహెచ్) ఉంది, వాటిల్లో ఎంపీహెచ్ అనే రెండేళ్ల ప్రజారోగ్యం పీజీ కోర్సు ఉంది, దానికి ఎంబీబీఎస్ ఉండి తీరాలనేం లేదు. ఈ ముక్క డిగ్రీ మొదటి ఏడాదిలో తెలిస్తే ఒక దారి, చివరి ఏడాది పరీక్షలయ్యాక తెలిస్తే ఇంకో దారి.

విచిత్రం ఏంటంటే ప్రపంచం ప్రజారోగ్యం నేర్చుకున్న జిల్లాల్లో మాది ఒకటి. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు అమెరికాలో జాన్స్ హాప్‌కిన్స్‌లో ఎంపీహెచ్ చదివి, తిరిగొచ్చి 1986లో గడ్చిరోలి దగ్గర 'సెర్చ్' సంస్థ మొదలుపెట్టారు. రాణీ బంగ్ రెండు ఊళ్ల ఆడవాళ్లని పరీక్షించి 92 శాతం మందికి ఏదో ఒక స్త్రీ సంబంధ వ్యాధి ఉందని 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాసే దాకా ఆ సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ తర్వాత ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చి, పసిగుడ్డుల్ని ఇంటి దగ్గరే చూసుకునే పద్ధతి 39 ఊళ్లలో నడిపించారు. పోల్చడానికి పెట్టుకున్న ఊళ్లతో చూస్తే అక్కడ నవజాత శిశువుల మరణాల రేటు 62 శాతం తగ్గిందని 1999లో అదే లాన్సెట్‌లో వచ్చింది. ఇవాళ దేశమంతా ఆశా కార్యకర్త బాలింత ఇంటికి 42 రోజుల దాకా వచ్చిపోతోందంటే దాని వెనక ఆ ఊళ్ల లెక్కలున్నాయి. పెద్ద చదువు లేని ఆడవాళ్లు ఊపిరి లెక్కపెట్టారు, బరువు తూచారు, రాసిపెట్టారు. అలాంటప్పుడు బీఎస్సీ చదివే పిల్ల ఇంకెంత చేయగలదు? ఈ కథ మా క్లాసులో చెప్తే చాలామంది మొదటిసారి వినడం. మన జిల్లాయేనా మేడం అని మళ్లీ అడిగారు.

మరి వీళ్లకి ఏం నేర్పాలి అంటే, నా మటుకు నేను కంప్యూటర్‌తో మొదలుపెట్టను. 'ఎంతమందిలో ఎంతమంది' అనే దగ్గర మొదలుపెడతాను. ఊళ్లో 12 మలేరియా కేసులు వచ్చాయనుకోండి, ఎక్కువా తక్కువా? ఊరి జనం 400 అయితే ఒక మాట, 4,000 అయితే ఇంకో మాట. ఇది ఎవరైనా చెప్తారు. మా పిల్లలు మాత్రం అక్కడితో ఆగరు, ఆ 400 మంది అసలు ఊళ్లో ఉన్నారా అని అడుగుతారు! జనవరి తర్వాత మిర్చి ఏరడానికి ఇంటిల్లిపాదీ తెలంగాణ చేలకి వెళ్లిపోయే ఊళ్లున్నాయి మాకు. ముసలివాళ్లు, ఒకరిద్దరు పిల్లలు తప్ప ఎవరూ ఉండరు. మార్చిలో వచ్చి సర్వే చేసినవాళ్లు 'తాళం వేసి ఉంది' అని రాసుకుని పోతారు, అక్కడ చేలల్లో గుడిసెలేసుకున్న గర్భిణులు ఆ రాష్ట్రం లెక్కలోనూ ఉండరు, ఈ రాష్ట్రం లెక్కలోనూ ఉండరు. కాన్పులూ అంతే. తొలి కాన్పుకి పుట్టింటికి పోవడం మన ఆనవాయితీ, పుట్టిల్లు చెన్నూరు వైపు అయితే బిడ్డకి మొదటి టీకాలు అక్కడ పడతాయి, మూడో నెలలో తల్లి కార్డు పట్టుకుని ఇక్కడికొస్తే మా రిజిస్టర్‌లో ఆ బిడ్డకి టీకాలు పడనట్టే. తాలూకా లెక్క తగ్గిందని మీటింగ్‌లో ఆశా తాయిని నిలబెట్టి అడుగుతారు, ఆవిడేం చేస్తుంది పాపం. ఇది కనిపెట్టడానికి పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు, ఆ నది దాటి మేనమామ ఇంటికి పోయొచ్చిన పిల్ల చాలు. కాకపోతే ఆ పిల్ల తనకి తెలిసినదాన్ని పట్టికగా వేసి, రేటు కట్టి, నాలుగు పేజీల్లో రాసి, అధికారుల ముందు చెప్పగలగాలి. నేర్పాల్సింది అదే, ఆ చివరి సగం.

మందు సంగతి చూడండి. మహారాష్ట్రలో మలేరియా అంటే ముందు గుర్తొచ్చేది మా జిల్లానే. వైవాక్స్ రకం వస్తే క్లోరోక్విన్ మూడు రోజులు, ప్రిమాక్విన్ 14 రోజులు ఇస్తారు, ఆ రెండోది కాలేయంలో దాక్కున్న క్రిమి కోసం. మూడో రోజుకి జ్వరం దిగిపోతుంది, మనిషి పనికి పోతాడు, మిగతా మాత్రలు చూరులోకి పోతాయి, కొన్ని వారాలకో నెలలకో జ్వరం మళ్లీ తిరగబెడుతుంది. జ్వరం తగ్గాక కూడా మాత్ర ఎందుకు వేసుకోవాలో మరాఠీ కరపత్రం చెప్తుంది, చదివేది ఎవరు? దీన్ని ఇంట్లో మాట్లాడే తెలుగులో, మాడియాలో చెప్పడం ఒక పని, చెప్పాక ఎంతమంది పూర్తిగా వేసుకున్నారో తేల్చడం ఇంకో పని. రెండూ వచ్చినవాళ్లు మా తాలూకాలోనే తయారవ్వాలి. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి వచ్చే రక్తపు జబ్బు, సికిల్ సెల్, దాని పరీక్షలదీ ఇదే గొడవ, 2023లో జాతీయ మిషన్ వచ్చాక కార్డులిస్తున్నారు, క్యారియర్ (తనకి జబ్బు లేకున్నా పిల్లలకి అందించగల మనిషి) అని రాసిన కార్డు చూసి పెళ్లి సంబంధం వెనక్కి పోతే ఆ ఇంటికి ఎవరు సర్దిచెప్తారు?

ఇక్కడ ఒక చిక్కుంది, సొంత ఊరివాళ్లని పెట్టుకుంటే అంతా సులువైపోతుందని అనుకునేవాళ్ల కోసం చెప్తున్నాను. సొంత ఊరు కాబట్టే కొన్ని బయటికి రావు. తెల్లబట్ట అవుతోందని ఒక కోడలు వరసకి ఆడబిడ్డయ్యే అమ్మాయికి చెప్తుందా? చెప్పదు, సాయంత్రానికి అత్తకి చేరుతుందని భయం. టీబీ అని తేలిందని పక్కింటి కుర్రాడికి ఎవరు చెప్తారు? అందుకే అంకీసా పిల్లలు అసరెల్లికి, అసరెల్లి పిల్లలు అంకీసాకి పోవాలి, ఆడపిల్లలు ఆడవాళ్లనే అడగాలి, విన్నది తల్లికి కూడా చెప్పకూడదు. గోప్యత గురించి పుస్తకంలో ఒక పేరా ఉంటుంది, మాకు మాత్రం దానికి పూర్తిగా ఒక వారం కావాలి.

టస్కీగీ కథ కూడా తప్పకుండా చెప్పాలి. అమెరికాలో అలబామా రాష్ట్రంలో 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ అనే సుఖవ్యాధి ఉన్న 399 మంది నల్లజాతి మగవాళ్లని, వైద్యం చేస్తున్నామని నమ్మిస్తూ, జబ్బు ఎలా ముదురుతుందో చూడటానికి అలాగే వదిలేశారు. పెన్సిలిన్‌తో నయమవుతుందని తెలిశాక కూడా ఇవ్వలేదు. వాళ్లని అన్నేళ్లు ఆ అధ్యయనంలో నిలబెట్టింది యూనిస్ రివర్స్ అనే నర్సు, ఆమె కూడా నల్లజాతి మనిషే, వాళ్లు ఆమెని నమ్మారు. ఏం చేయాలో నిర్ణయించింది మాత్రం ఆమె కాదు. ఇది చెప్పినప్పుడు క్లాసులో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత వెనక బెంచీ అబ్బాయి, "మనల్ని తీస్కపోయేది గిట్ల నమ్మకం కోసమేనా?" అన్నాడు. నేను ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ మాటే.

అదే దేశంలో అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీ, మార్టిన్ లూథర్ కింగ్ చదివిన కాలేజీ, 1982లో 'ప్రాజెక్ట్ ఇమ్‌హోటెప్' అని ఒకటి మొదలుపెట్టింది. మైనారిటీ డిగ్రీ విద్యార్థులకి వేసవిలో ఎపిడెమియాలజీ (జబ్బులు ఎవరికి, ఎక్కడ, ఎందుకు వస్తున్నాయో తేల్చే శాస్త్రం), బయోస్టాటిస్టిక్స్ (ఆరోగ్య లెక్కల శాస్త్రం) నేర్పి, అనుభవమున్నవాళ్ల కింద నిజమైన ప్రాజెక్టు మీద పెట్టి, వాళ్ల చేతే రాయించి, వాళ్ల చేతే చెప్పించేవాళ్లు. భృతి కూడా ఇచ్చేవాళ్లు. అమెరికా ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీ ఉన్నది ఆ ఊళ్లోనే. మోర్‌హౌస్‌లో చదివిన డేవిడ్ శాచర్ 1993లో ఆ సీడీసీకే డైరెక్టర్ అయ్యాడు, తర్వాత ప్రజారోగ్యంలో ఆ దేశ ప్రభుత్వం తరఫున మాట్లాడే సర్జన్ జనరల్ అయ్యాడు. మాకు కావాల్సింది ఈ నమూనానే, డిగ్రీలో ఉండగానే, చేతిలో డబ్బు పెట్టి, లెక్క దగ్గర కూర్చోబెట్టి నేర్పేది.

డబ్బు మాట ఎందుకంటున్నానంటే, ఉచిత శిక్షణ అనగానే మనవాళ్లు అదేదో గొప్ప సాయం అనుకుంటారు. పేదింటి పిల్లకి ఉచితం అంటే ఆ రోజు కూలి పోవడం. సర్వే టీమ్ ఇచ్చే రోజు కూలికంటే శిక్షణలో ఇచ్చేది తగ్గకూడదు, తగ్గితే పిల్లలు సర్వేకే పోతారు, పోవాలి కూడా. ఇంకోటి కాస్ట్ వ్యాలిడిటీ. మహారాష్ట్రలో రిజర్వేషన్ సీటు కావాలంటే కులం సర్టిఫికెట్ ఒక్కటే చాలదు, కమిటీ నుంచి వ్యాలిడిటీ తెచ్చుకోవాలి, ఎస్సీ, ఎస్టీలైతే తాతలు 1950 నాటికే ఈ రాష్ట్రంలో ఉన్నట్టు కాగితాలు చూపించాలి. నది అవతలి నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాల్లో ఆ కాగితం ఎవరి పెట్టెలో ఉంటుంది? ఎంపీహెచ్‌కి పోవాలనుకునే పిల్ల మొదటి ఏడాదే ఆ వేట మొదలుపెట్టాలి, ప్రవేశ పరీక్షకి ఇంగ్లీషు అప్పటినుంచే పట్టాలి. ఇదంతా చెప్పే మనిషి ప్రతి కాలేజీలో ఒకరుంటే చాలు, ఆ పని నేను మా కాలేజీలో మొదలుపెట్టాను.

ఈ పోస్టు చదివేవాళ్లలో హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఈ రంగంలో పనిచేస్తున్న తెలుగువాళ్లు ఉంటే మీతో ఒక మాట. రండి, కానీ ఉపన్యాసం ఇచ్చి పోవడానికి వద్దు. ఒక చిన్న ప్రశ్న, దానికి సరిపడా లెక్కలు తీసుకుని రండి, లేదా మా పిల్లల ప్రశ్ననే తీసుకోండి. చివర్లో రిపోర్టు మీద వాళ్ల పేర్లు కూడా ఉండాలి, ఊళ్లోకి తిరిగొచ్చి వాళ్లే చదివి వినిపించాలి. మే నెలలో మాత్రం పెట్టకండి, అది తునికాకు కాలం, ఇంటికి నగదు వచ్చే రోజులు అవే, తెల్లారకముందే పిల్లలు తల్లిదండ్రులతో అడవిలో ఉంటారు. వానాకాలం వాగులు అడ్డం. దీపావళి సెలవులు బాగుంటాయి, దారులు తెరుచుకుంటాయి, మిర్చికి పోయేవాళ్లు కూడా ఇంకా ఊళ్లోనే ఉంటారు.