ఇంట్లోనే దేహభారంతో వ్యాయామం: 16 వారాల లెక్క

జనవరి మొదటి సోమవారం నాడు నేలమీద సరైన పుషప్‌లు ఎన్ని తీయగలనో చూసుకున్నాను. ఛాతీ నేలకు తాకి, నడుము జారకుండా లేచినవి నాలుగే. వయసు 46, బరువు 72 కిలోలు, నడుము చుట్టుకొలత 94 సెంటీమీటర్లు. మా తాతగారు విజయనగరంలో తాలింఖానాకు (వ్యాయామశాలకు) వెళ్లి దండీలు, బస్కీలు (కూర్చుని లేవడాలు) తీసినవారు; మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడిగారి ముచ్చట్లు ఆయన నోటనే విన్నాను కనుక, ఇనుము లేకుండా కండ పెరుగుతుందా అన్న అనుమానం నాకు లేదు. తెలియనిదల్లా కండమీద పడే భారం ఎలా పెంచాలన్నదే.

దానికి జవాబు ఇంట్లో ఉన్న బరువు చూసుకునే మిషనే చెప్పింది. అరచేతులు రెండూ దానిమీద ఆనించి, పాదాల కింద అంతే ఎత్తున పుస్తకాలు పెట్టి చూస్తే, చేతులు చాపినప్పుడు 47 కిలోలు, ఛాతీ కిందికి దించి నిలిపినప్పుడు 53 చూపింది. చేతులు చాపే ఉంచి మోకాళ్లు ఆనిస్తే 47 కాస్తా 38కి తగ్గింది. పాదాలను అడుగున్నర స్టూలుమీద పెడితే 52కి పెరిగింది. దేహం అదే, కదలిక అదే, భారం మాత్రం 14 కిలోలు మారింది. ఆ రోజు నుంచి పుషప్‌ల సంఖ్యకంటే చేతులు, పాదాలు ఆనించే ఎత్తునే ముఖ్యంగా రాసుకుంటున్నాను.

సోమ, బుధ, శుక్రవారాల్లో ఉదయం 35 నిమిషాలు చేస్తాను. మొదట వంటగట్టుకు చేతులానించి 12 చొప్పున మూడు విడతలు తీశాను. మూడు విడతల్లోనూ 15 వచ్చాక మంచం అంచుకు, తర్వాత అరుగు మెట్టుకు, తొమ్మిదో వారానికి నేలకు దిగాను. దిగేటప్పుడు మనసులో మూడు అంకెలు లెక్కపెట్టడం, విడతల మధ్య రెండు నిమిషాలు ఆగడం తప్పనిసరిగా పాటించాను.

బస్కీలు నెల తిరక్కుండానే 40 దాటాయి, అయితే ఆపైన పెరిగింది ఆయాసమే కాని బలం కాదనిపించి, మంచం అంచున కూర్చుని ఒంటికాలిమీద లేవడం మొదలుపెట్టాను. కుడికాలు ఆరుసార్లు లేపింది, ఎడమకాలు రెండుసార్లే.

ఇంట్లో అసలు చిక్కు లాగే కదలికతోనే వస్తుంది. నెట్టడానికి నేల చాలు, లాగడానికి పట్టు కావాలి. హాల్లో స్లాబులో పోసిన ఉయ్యాల కొక్కేలు నలుగురు కూర్చున్నా కదలనివి కనుక, వాటికి నూలు తాడు కట్టి, తువ్వాలు చుట్టి, వెనక్కి వాలి ఛాతీని చేతులదాకా లాక్కున్నాను. నేలమీది రెండడుగుల టైళ్లే కొలత: మడమలు అర టైలు ముందుకు జరిగితే వాలు పెరిగి, అంతమేర భారం కూడా పెరుగుతుంది. మొదటి వారం నుంచి ఇప్పటికి ఒకటిన్నర టైళ్లు జరిగాను.

ఏడో వారంలో తొందరపడి వారానికి ఐదు రోజులు లాగేసరికి కుడి మోచేయి లోపలివైపు నొప్పి పట్టింది, తలుపు గడియ తీయడానికి కూడా చెయ్యి సహకరించలేదు. పది రోజులు తాడు ముట్టలేదు, తర్వాత సగం విడతలతో మొదలుపెట్టాను. కండను ఎముకకు కలిపే స్నాయువు (టెండన్) కండకంటే నెమ్మదిగా బలపడుతుంది, కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవారు రోజు విడిచి రోజు అన్న నియమం మీరకూడదని గట్టిగా చెబుతాను.

దేహభారంతో తీరని లోటు ఒకటుంది. నడుము కింది భాగానికీ తొడల వెనుకకూ తగినంత పని పడదు, అందుకు 20 లీటర్ల నీళ్ల టిన్ను వంగి ఎత్తుతున్నాను.

ఏప్రిల్ చివరికి నేలమీద పుషప్‌లు ఏకధాటిగా 19, నడుము 90 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. బరువు మిషను ముల్లు దాదాపు కదలకపోయినా చొక్కా భుజాల దగ్గర బిగిసింది. ఎడమకాలికోసం మంచంమీద రెండు బొంతలు మడిచి వేసి, ఎత్తు పెంచి లేవడం తేలిక చేశాను. ఇప్పుడు ఎనిమిదిసార్లు లేస్తోంది కనుక, వచ్చే సోమవారం పై బొంత తీసేస్తాను.