ఎర్ర లారీ, దారం చుట్టిన చెయ్యి

నిన్న బరంపురంలో పాత ఇంటి అటక దులుపుతుంటే బిస్కెట్ డబ్బాలో నా చిన్నప్పటి రోబో బొమ్మలు దొరికాయి. రెండేళ్లకోసారి వచ్చే అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో ఏడ్చి మరీ నాన్నతో కొనిపించుకున్నవే ఎక్కువ. అన్నీ నకిలీవే లెండి. అసలైనవి జపాన్ టకారా కంపెనీ బొమ్మలని, వాటినే 1984లో అమెరికా హాస్బ్రో ట్రాన్స్‌ఫార్మర్స్ పేరుతో అమ్మిందని పెద్దయ్యాక తెలిసింది. వాటిలో ఎర్ర లారీగా మారేది మాకు మాత్రం లారీ రోబో, అంతే. ముందుభాగం విప్పితే ఛాతీ, వెనక చక్రాల దగ్గర తిప్పితే కాళ్లు. ఎడమచెయ్యి మొదటి వారమే విరిగితే అమ్మ అగ్గిపుల్ల గుచ్చి నల్లదారం చుట్టింది. ఆ దారం ఇంకా ఉంది.

రాత్రి దాన్ని మళ్లీ లారీ చేద్దామని అరగంట కుస్తీ పట్టాను. మా బుడ్డోడు లాక్కుని రెండు నిమిషాల్లో చేసేశాడు. "నాన్నా, దీనికి బ్యాటరీ ఎక్కడ?" అట!