రెండడుగుల దూరం

ఈ రోజు మా తరగతిలో గంట మోగలేదు. ఆట ముగించి బొమ్మలు సర్దే వేళకి రోజూ నేనే గంట కొట్టేదాన్ని. ఆ చప్పుడుకి ఆటిజం ఉన్న మా నాలుగేళ్ల బాబు చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేవాడు. వాణ్ణి గంటకి ఎలా అలవాటు చెయ్యాలా అనే ఇన్నాళ్లూ ఆలోచించాను. గంటే తీసేయొచ్చని తోచడానికి ఇన్ని వారాలు పట్టిందంటే బాధగా ఉంది.

దాని బదులు ఇసుక గడియారం పెట్టాను. ఇసుక సగానికి దిగాక, బొమ్మల పెట్టె చిత్రం ఉన్న కార్డు వాడి చేతికిచ్చాను. తర్వాత ఏం జరగబోతోందో కళ్లకి కనిపిస్తే వాడికి అంత టెన్షన్ ఉండదు. కార్డు వంక చూశాడు, ఇసుక వంక చూశాడు, లారీని తనే తీసుకెళ్లి పెట్టెలో పెట్టాడు. సర్దమంటే రోజూ ఏడ్చే ఇంకో పాప కూడా ఇసుక చూస్తూ సర్దేసింది. విద్యావేత్త మరియా మాంటిస్సోరి కూడా మేధో వైకల్యం ఉన్న పిల్లల దగ్గర నేర్చుకున్నదాన్నే, మిగతా పిల్లల కోసం 1907లో రోమ్‌లో తెరిచిన బడికి తెచ్చింది కదా.

అయితే ఈ రాత్రి నన్ను కూర్చోబెట్టి రాయిస్తున్నది గడియారం కాదు.

వాడి పక్కన ఎప్పుడూ నేనో, సహాయ టీచరో కూర్చుంటాం. పొద్దున బ్లాకుల దగ్గర ఒక పాప వచ్చి, "టీచర్, వీడికి ఎర్రది కావాలా?" అంది. వాడు అక్కడే ఉన్నాడు. అడిగింది మాత్రం నన్ను. నిన్నా అంతే, మొన్నా అంతే. వాడికీ పిల్లలకీ మధ్య నేనే అడ్డంగా కూర్చున్నాను.

"వాణ్ణే అడుగమ్మా" అని లేచి, రెండడుగులు వెనక్కి జరిగి కూర్చున్నాను.

ఆ పాప ఎర్రదీ నీలందీ వాడి ముందు పెట్టి ఊరుకుంది. చాలాసేపు ఊరుకుంది. నేనైతే ఈపాటికి "చెప్పు నాన్నా, చెప్పు" అని నాలుగుసార్లు అనేదాన్ని. వాడు నీలం తీసుకున్నాడు. "వీడికి నీలం!" అని నాకు గట్టిగా చెప్పి, ఎర్రది తన మేడ మీద పెట్టుకుంది.

ఇద్దరూ చెరొక మేడ కట్టారు, కలిసి కాదు. ఇంతకుముందైతే కలిసి కట్టండని వెంటపడేదాన్ని. పక్కపక్కనే ఎవరి ఆట వాళ్లు ఆడుకోవడాన్ని 1932లోనే పిల్లల ఆటల్ని పరిశీలించిన పరిశోధకురాలు మిల్డ్రెడ్ పార్టెన్ ఒక రకం ఆటగా గుర్తించింది. మిగతా పిల్లలు అలా ఆడితే ఏమీ అనం. వాడి విషయంలోనే ఎందుకంత కంగారు పడతామో.

సాయంత్రం వాళ్లమ్మకి నీలం బ్లాకు సంగతి చెప్పాను. "ఆ పాప పేరేంటండీ?" అని రెండుసార్లు అడిగారు.

రేపు సహాయ టీచర్‌తో మాట్లాడాలి. భోజనం దగ్గర దూరం జరగకూడదు, వాడు నమలకుండా మింగేస్తాడు. బ్లాకుల దగ్గర మాత్రం రెండడుగులు.