పాత స్టీమ్ బిల్డింగ్‌లో ఏసీ: టన్నుల లెక్క తర్వాత, నీళ్ల దారి ముందు

న్యూయార్క్‌లో రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన, చలికాలంలో ఆవిరితో (స్టీమ్) వేడిచేసే అపార్ట్‌మెంట్‌ను రెనొవేట్ చేసేటప్పుడు అందరూ మొదట అడిగేది ఏ కంపెనీ ఏసీ, ఎన్ని టన్నులు అని. అంతకంటే ముందు తేలాల్సినవి రెండున్నాయి: అవుట్‌డోర్ యూనిట్ ఎక్కడ పెట్టనిస్తారు, ఇండోర్ యూనిట్ నీళ్లు ఎటు పోతాయి. ఇవి తేలకుండా ఫాల్స్ సీలింగ్ డ్రాయింగ్ గీయిస్తే డబ్బు దండగే.

ఆవిరితో గదిని వేడిచేసే ఉన్న రేడియేటర్లలోకే చల్లనీళ్లు పంపితే పోదా అనిపిస్తుంది. కుదరదు. వన్-పైప్ స్టీమ్‌లో ఆవిరి వచ్చేదీ, చల్లారి నీరై వెనక్కి పోయేదీ ఒకే గొట్టంలో. అందులో నీళ్లు తిరగడానికి దారే లేదు. ఆవిరికొకటి, తిరిగొచ్చే నీటికొకటి ఉండే టూ-పైప్ అయినా గొట్టాల సైజు ఆవిరి లెక్కన వేసిందే. పైగా వాటిలో చల్లనీళ్లు పోతే గోడ లోపల చెమటపట్టి ప్లాస్టర్ పాడవుతుంది. కాబట్టి ఏసీ పూర్తిగా వేరే లైనే.

అవుట్‌డోర్ యూనిట్‌కు మీ సొంత టెర్రస్ ఉంటే అదృష్టం. రూఫ్ మీద పెట్టాలంటే కో-ఆప్ బోర్డు (బిల్డింగ్ వాటాదారుల కమిటీ) ఒప్పుకోవాలి, కింద స్టీల్ ఫ్రేమ్ కావాలి, రూఫ్ వారంటీ చెడకూడదు. కింది అంతస్తుల నుంచి రూఫ్ దాకా కాపర్ పైపులు లాగేముందు గరిష్ఠ పొడవు, ఎత్తు ఎంతో కంపెనీ మాన్యువల్‌లో చూడాలి. చిన్న యూనిట్లు చాలాసార్లు ఇక్కడే ఆగిపోతాయి. ల్యాండ్‌మార్క్ (చారిత్రక కట్టడంగా గుర్తించిన) బిల్డింగ్ అయితే గోడకు రంధ్రం కొట్టాలన్నా ల్యాండ్‌మార్క్స్ ప్రిజర్వేషన్ కమిషన్ అనుమతి తప్పదు.

ఇక డ్రెయిన్. ఉక్కపోత రోజున ఒక టన్ను ఏసీ గంటకు లీటరు దాకా నీళ్లు వదలొచ్చు. ఆ పైపుకు అడుగుకు పావు అంగుళం వాలు ఇవ్వడం మంచిది. 30 అడుగుల హాల్‌లో అదే ఏడున్నర అంగుళాలు తినేస్తుంది. మీ ఫాల్స్ సీలింగ్ దిగేది 12 అంగుళాలే అయితే గాలి పోయే డక్ట్‌కు మిగిలేదేముంది? అందుకే డక్టెడ్ యూనిట్‌ను బాత్‌రూమ్‌కో వంటింటికో ఆనుకుని పెట్టమంటాను. ఫ్యాన్ లోపలికి గాలి పీల్చే వైపు డ్రెయిన్ ఉంటే సరైన లోతున్న ట్రాప్ (ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉండే పైపు వంపు) ఉండాలి. లేకపోతే ఫ్యాన్ పీల్పుకి నీళ్లు దిగవు, ట్రే నిండి పొంగుతుంది. కింద ఇంకో ట్రే, అందులో నీళ్లు చేరగానే ఏసీని ఆపేసే ఫ్లోట్ స్విచ్ తప్పనిసరి. వాలు కుదరక ఆ నీళ్లను తోడే కండెన్సేట్ పంప్ పెట్టాల్సొస్తే ఆ స్విచ్ ఇంకా ముఖ్యం, ఎందుకంటే పంప్ ఆగిన రోజున తడిసేది కింది వాళ్ల సీలింగ్.

స్టీమ్ రైజర్ (అంతస్తుల గుండా నిలువుగా పోయే ఆవిరి గొట్టం) పక్క నుంచి పీవీసీ డ్రెయిన్ తీసుకెళ్లకండి. ఆవిరి గొట్టం 100 డిగ్రీల సెల్సియస్ దాటి ఉంటుంది, పీవీసీ 60కి మించి తట్టుకోదు. మెత్తబడి మధ్యలో జారుతుంది, ఆ గుంటలో నీళ్లు నిలిచి పాచి పడుతుంది. అక్కడ ఇన్సులేషన్ చుట్టిన కాపరే వెయ్యాలి.

కరెంట్ సంగతి: ఇలాంటి బిల్డింగుల్లో చాలావాటికి వచ్చేది 208 వోల్టులు, 240 కాదు. యూనిట్ నేమ్‌ప్లేట్ మీద 208 ఉందో లేదో చూడండి. ఇంటికి కరెంట్ తెచ్చే ప్రధాన లైను (ఫీడర్) చిన్నదైతే, ఇండక్షన్ పొయ్యి, డ్రయ్యర్ కూడా కలిపి లోడ్ లెక్క ముందే వేయించాలి. కాపర్ జాయింట్లను నైట్రోజన్‌తో ప్రెషర్ టెస్ట్ చేసి, పైపుల్లోని గాలి లాగేశాక వాక్యూమ్ (మిగిలిన ఒత్తిడి) 500 మైక్రాన్ల కిందకు దిగి అక్కడే నిలిచాకే గోడ మూయనివ్వండి. మూశాక లీక్ వెతకడం నరకం.

గోడలు తెరిచి ఉన్నప్పుడే స్టీమ్ పని కూడా పూర్తిచేసుకోవాలి. తెరవడానికి ముందే ఆస్బెస్టాస్ పరీక్ష జరగాలి, పాత గొట్టాల చుట్టూ అదే ఉండొచ్చు. న్యూయార్క్‌లో హీటింగ్ సీజన్ అక్టోబర్ 1 నుంచి మే 31 దాకా. ఏప్రిల్‌లో రేడియేటర్ కాలుతుంటే ఏసీ వేసుకోవడం ఎంత దండగ! దానికి మందు థర్మోస్టాటిక్ వాల్వ్, అంటే గది చాలినంత వెచ్చబడగానే రేడియేటర్‌లోకి ఆవిరి రాకుండా తనంతట ఆపేది. టూ-పైప్‌లో అది ఆవిరి వచ్చే వైపు, వన్-పైప్‌లో రేడియేటర్‌కీ, గాలి బయటికి వదిలే ఎయిర్ వెంట్‌కీ మధ్య. వన్-పైప్‌లో చేతి వాల్వ్‌ను సగం తిప్పి వదలొద్దు, నీళ్లు ఇరుక్కుని గొట్టాలు దడదడలాడతాయి. రేడియేటర్‌ను జరిపితే అది మళ్లీ వాల్వ్ వైపే వాలి ఉండాలి, కారణం అదే. రేడియేటర్ తీసేసినా రైజర్ గదిని వేడిచేస్తూనే ఉంటుంది. గోడలో మూసేస్తే ఇన్సులేషన్ చుట్టండి, థర్మోస్టాట్ దాని దగ్గర బిగించొద్దు.

సీలింగ్ మూసేముందు చూడాల్సింది యాక్సెస్ ప్యానెల్. ఫిల్టర్, ట్రాప్, ఫ్లోట్ స్విచ్ మూడూ దాని గుండా చేతికి అందాలి. ఫిల్టర్‌కే చాలేంత చిన్నది పెడితే ట్రాప్ శుభ్రం చేయాల్సొచ్చిన రోజున సీలింగ్ కొయ్యాల్సిందే.