కీడెంచడం అయిపోయాక

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. అందులో మొదటి సగం నాకు చిన్నప్పటి నుంచీ బాగా వచ్చు. రెండో సగం దాకా ఎప్పుడూ వెళ్ళలేదు. వేళకాని వేళ ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనే అనుకుంటాను. మా ఆవిడ ఇంటికి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే, ఆ పది నిమిషాల్లో నేను ఊహించని ప్రమాదం ఉండదు. అలాంటివాడి నెత్తిన పాపకి హైచైర్, అంటే పసిపిల్లల్ని కూర్చోబెట్టి తినిపించే ఎత్తు కుర్చీ, ఎంచే పని పడింది.

పాపకి ఆరో నెల నిండబోతోంది. నిండాక పాలతో పాటు తిండి మొదలుపెట్టవచ్చని డాక్టర్ గారు చెప్పారు. నెలలు ఒక్కటే లెక్కపెట్టుకోవద్దనీ, మెడ బాగా నిలవాలనీ, కాస్త ఆసరాతో కూర్చోగలగాలనీ, నోట్లో పెట్టినదాన్ని నాలుకతో బయటికి నెట్టేయడం తగ్గాలనీ కూడా అన్నారు. ఆ మూడూ కనిపిస్తున్నాయి. సరే, కుర్చీల గురించి చదువుదామని కూర్చున్నాను. అరగంటలో ప్రమాదాల గురించి చదువుతున్నాను. బల్లని కాళ్ళతో తన్ని కుర్చీతో సహా వెనక్కి పడిన పిల్లలు, ట్రే కిందికి జారి మెడ దగ్గర ఇరుక్కున్న పిల్లలు, మడత కుర్చీ కీలులో నలిగిన వేళ్ళు. వారం రోజులు రాత్రి ఒంటిగంట దాకా ఇదే పని. చివరికి అసలు కుర్చీయే వద్దు, ఒళ్ళో కూర్చోబెట్టుకుని తినిపిద్దామని తేల్చేశాను.

మా ఆవిడ నవ్వింది. "కీడు ఎంచడం అయింది కదా, ఇక మేలు కూడా ఎంచండి. సామెతని సగంలో వదిలేస్తే ఎలా?" అంది.

ఒక కాగితం తెచ్చి మధ్యలో నిలువుగా గీత గీసింది. ఎడమవైపు నా భయం రాయాలి. కుడివైపు దానికి చేయగలిగినది రాయాలి. కుడివైపు రాయడానికి ఏమీ లేకపోతే ఎడమవైపుది కొట్టేయాలి. ఈ చివరి నిబంధన వినగానే నాకు చిరాకేసింది.

"పడిపోతే?" అని రాశాను. ఎదురుగా: కింద కాళ్ళు వెడల్పుగా ఉన్న కుర్చీ కావాలి, పాప పాదాలకి బల్ల గానీ గోడ గానీ అందకూడదు, చక్రాలుంటే లాక్ ఉండాలి. "జారిపోతే?" ఎదురుగా: రెండు భుజాల మీదుగా, నడుముకి రెండువైపులా, కాళ్ళ మధ్య నుంచీ పట్టీలు వచ్చే బెల్ట్ ఉండాలి, కాళ్ళ మధ్య గట్టి అడ్డు కూడా ఉండాలి, ట్రే ఉంది కదా అని బెల్ట్ మానకూడదు. "వేళ్ళు నలిగితే?" ఎదురుగా: మడత లేనిదే తీసుకోవచ్చు. "పాపకి తినడమే ఇష్టం లేకపోతే?" దీనికి కుడివైపు ఏమీ తోచలేదు. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాను. మా ఆవిడ చూస్తోంది కాబట్టి కొట్టేశాను.

ఇలా రాస్తూంటే ఇంకో సంగతి తెలిసింది. హైచైర్లకి యూరప్‌లో ఈఎన్ 14988 అని ఒక ప్రమాణం ఉంది. అమెరికాలో అయితే 2019 నుంచి హైచైర్ల భద్రతా ప్రమాణం చట్టప్రకారం తప్పనిసరి. అంటే నాలాంటి భయస్తులు ఎవరో ముందే కూర్చుని, కుర్చీని ఒరిగించి, పట్టీలు లాగి, సందులు కొలిచి చూడాలని రాసిపెట్టారన్నమాట. కీడెంచే పని నాకన్నా శ్రద్ధగా చేసినవాళ్ళున్నారు. నిజం చెప్పాలంటే, ఆ వారంలో హాయిగా నిద్రపట్టింది ఆ రాత్రే.

ఈలోగా అక్క తన పిల్లల హైచైర్ అటక మీద నుంచి దించి పంపింది. చూడటానికి బాగానే ఉంది. బెల్ట్ పెట్టి గట్టిగా లాగితే బకిల్ ఊడి చేతికొచ్చింది. అక్క నొచ్చుకుంటుందేమో అన్నది కూడా ఎడమవైపు రాయాల్సిందే. ఊడిన బకిల్ ఒక్కటీ చూపించి కుర్చీ వెనక్కి ఇచ్చేశాను.

తర్వాత కొన్న కుర్చీ పొరపాటు. మెత్తటి పరుపు, ఆరు రకాల ఎత్తులు, వెనక్కి వాలే వీపు, చక్రాలు. నా కాగితంలో ఉన్నవన్నీ దానికి ఉన్నాయి. పాపని కూర్చోబెడితే నిమిషంలో ఒక పక్కకి ఒరిగిపోయేది. తువ్వాలు చుట్టి పక్కన పెడితే ఇంకో పక్కకి. ట్రే మీద ఏం పెట్టినా చేయి చాపేది కాదు. మొదటి మూడు రోజుల్లోనే పరుపు కుట్లలో తిండి దూరి, ఎంత తుడిచినా పోని వాసన మొదలైంది. నాకెప్పుడూ ఇంతే, ఏ పనీ సరిగ్గా చేయలేను, ఒక్క కుర్చీ ఎంచడం చేతకానివాడిని పిల్లని ఏం పెంచుతాను అనుకున్నాను.

మార్టిన్ సెలిగ్మన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దీని మీద చాలా పని చేశాడు. చెడు జరిగినప్పుడు నిరాశావాది మూడు మాటలు అనుకుంటాడట: ఇది ఎప్పటికీ ఇంతే, అన్నిట్లోనూ ఇంతే, నా వల్లే. ఆశావాది అదే సంగతిని ఈ ఒక్కసారికి, ఈ ఒక్క విషయానికి పరిమితం చేసుకుంటాడు. నేను అనుకున్న వాక్యంలో మూడూ ఉన్నాయి, లెక్క తప్పకుండా. "ఈ కుర్చీ మా పాపకి సరిపోలేదు" అని పైకి అని చూశాను. ఎవరో వేరేవాళ్ళ మాటలా వినిపించింది. అయినా, ఎందుకు సరిపోలేదన్న ప్రశ్న మాత్రం ఆ వాక్యం తర్వాతే పుట్టింది. అంతకుముందు నా మీద కోపంలో ఆ ప్రశ్నకి చోటే లేదు.

జవాబు అనుకోకుండా దొరికింది. కింద పడిన చెంచా తీయడానికి వంగాను. పాప పాదాలు రెండూ గాలిలో వేలాడుతున్నాయి. ఊరికే ముద్దొచ్చి రెండు అరచేతులూ వాటి కింద పెట్టాను. వెంటనే వేళ్ళు ముడుచుకుని నా చేతుల్ని తొక్కిపట్టింది. నడుము నిటారుగా లేచింది. ఒరిగిన తల మధ్యకి వచ్చింది. కుడిచేయి ట్రే మీదికి చాపి గిన్నె అంచు పట్టుకుంది. చేతులు తీసేశాను, మళ్ళీ వాలిపోయింది. పెట్టాను, మళ్ళీ లేచింది. మా ఆవిడని కేక వేసి పిలిచాను. (నా గొంతు విని ఏదో అయిందనుకుని పరిగెత్తుకొచ్చింది పాపం.)

ఆ కుర్చీకి ఫుట్‌రెస్ట్ ఉంది, కానీ అది పెద్ద పిల్లల కాళ్ళకి అందేంత కింద ఉంది. మనం ఎత్తైన స్టూలు మీద కాళ్ళు వేలాడేసుకుని భోంచేస్తే ఎలా ఉంటుందో అలాగే. నడుముని నిలబెట్టుకోవడానికే ఓపికంతా అయిపోతే ఇక తినడానికి ఏం మిగులుతుంది? నార్వేకి చెందిన పీటర్ ఆప్స్‌విక్ అనే డిజైనర్ 1972లో ట్రిప్ ట్రాప్ అనే చెక్క కుర్చీ తెచ్చాడు. తన కొడుక్కి పాత హైచైర్ చాలకుండా పోయింది, పెద్దల కుర్చీలో కూర్చుంటే కాళ్ళు వేలాడుతున్నాయి. అది చూసి, కూర్చునే పలకా పాదాల పలకా రెండూ పిల్లలతో పాటు జరిపేలా చేశాడు. యాభై ఏళ్ళ కింద ఒక తండ్రి చూసిన కాళ్ళే నేనూ చూశానని తెలిసి ఎందుకో ధైర్యం వచ్చింది.

రెండో కుర్చీ ఎంచడానికి ఎక్కువ సేపు పట్టలేదు. పాదాల పలక ఎత్తు మారాలి, పాప మోచేయి ఆనేంత ఎత్తులో ట్రే రావాలి, పరుపు ఉండకూడదు, ఒక్క తడిగుడ్డతో తుడుచుకోవాలి. బకిల్‌ని మాత్రం కళ్ళు మూసుకుని ఒక చేత్తో పదిసార్లు తీసి చూశాను. అవసరం వస్తే పాపని క్షణంలో బయటికి తీయగలగాలి కదా. ఈ ఒక్క కీడు ఎంచినందుకు మా ఆవిడ కూడా ఏమీ అనలేదు.

కొత్త కుర్చీలో మొదటి రోజు నాలుగో ముద్దకే పాప ముఖం ఎర్రబడింది, నాలుక బయటికి పెట్టి డోకింది. నేను ముందుకి ఉరికాను. "శబ్దం వస్తోంది కదా, ఆగండి" అంది మా ఆవిడ. మేమిద్దరం ముందే నేర్చుకుని ఉన్నాం. డోకినా దగ్గినా శబ్దం ఉంటుంది, అది ముద్దని వెనక్కి తెచ్చుకునే శరీరం పని. గొంతుకి నిజంగా అడ్డం పడితే ఏడుపు కూడా రాదు. అప్పుడు బిడ్డని ముంజేతి మీద బోర్లా పట్టుకుని వీపు మీద ఐదు దెబ్బలు, వెల్లకిలా తిప్పి ఛాతీ మీద ఐదు నొక్కులు. కనిపించని ముద్ద కోసం నోట్లో వేలు పెట్టకూడదు. ఇవన్నీ కాగితంలో కుడివైపు నా చేతిరాతతోనే ఉన్నాయి. చేతులు వెనక్కి కట్టుకుని లెక్కపెట్టాను. ఐదు దాకా వచ్చేసరికి పాప ముద్దని ట్రే మీదికి ఉమ్మేసి, దాన్ని కాసేపు చూసి, మళ్ళీ తీసి నోట్లో పెట్టుకుంది.

నా స్వభావం మారిపోయిందని చెప్పను. నిన్న కూడా వేళకాని వేళ ఫోన్ మోగింది, గుండె ఝల్లుమంది. కాకపోతే ఎత్తేలోపు కుడివైపు ఏముందా అని వెతుక్కున్నాను. ఏమీ లేదు, ఎత్తి మాట్లాడటమే. రాంగ్ నంబర్.

పాపకి తినిపించేటప్పుడు ఇన్నాళ్ళూ కుర్చీ వెనక నిలబడేవాణ్ణి, పడితే పట్టుకుందామని. ఈ ఉదయం పట్టీలు చూసి, పాదాల పలక చూసి, ఎదురుగా వెళ్ళి కూర్చున్నాను. పాప చెంచా కింద పడేసింది. తీసి ఇచ్చాను. నా కళ్ళలోకి చూస్తూ మళ్ళీ పడేసింది.